గొర్రెల మంద పెట్టాలా, పొట్టేలు పిల్లల్ని మేపి అమ్మాలా: ఏది మేలు?

మూడు నాలుగు ఎకరాల రైతు వ్యవసాయానికి తోడుగా జీవాలు పెట్టుకుందామనుకుంటే మొదట అడిగేది ఏ జాతి తేవాలి, షెడ్డుకు ఎంతవుతుంది అని. వాటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆడగొర్రెల్ని పెట్టి పిల్లలు తీయాలా, లేక మూడు నెలల పొట్టేలు పిల్లల్ని కొని మూడు నాలుగు నెలలు మేపి అమ్మేయాలా? రెండింటినీ గొర్రెల పెంపకమనే అంటాం గానీ పని వేరు, పెట్టుబడి వేరు, నష్టం వచ్చే దారి కూడా వేరు.

నా మాట ముందే చెప్పేస్తాను. రోజూ మంద వెంట తిరిగే మనిషి ఇంట్లోనే ఉంటే ఆడగొర్రెలు పెట్టండి. లేకపోతే పొట్టేలు పిల్లలే మేలు. ఆడగొర్రెల్ని ఏడాదంతా షెడ్డులోనే ఉంచి మేపుదామనే ఆలోచన మాత్రం చిన్న రైతు పెట్టుకోకూడదు.

ఎందుకో లెక్క చూడండి. గొర్రె చూడి కాలం ఐదు నెలలు. బాగా చూసుకుంటే రెండేళ్లకు మూడు ఈతలు వస్తాయి. నెల్లూరు గొర్రె అయినా, దక్కనీ గొర్రె అయినా ఈతకు ఎక్కువగా ఒక్క పిల్లే. అంటే ఏడాదికి సగటున ఒకటిన్నర పిల్ల, అదీ ఏదీ చావకుండా ఉంటే. దానికోసం తల్లిని 365 రోజులూ మేపాలి. బీళ్లలో, వరి కోసిన మళ్లలో, కంది తీసిన చేలల్లో మేసి వస్తే ఆ మేతకు పైసా ఖర్చు లేదు. అదే మేత కొని, దాణా పెట్టి నిలబెడితే పిల్ల మీద వచ్చిన డబ్బు తల్లి పొట్టకే సరిపోతుంది.

మేపుకోగలిగిన ఇంటికి మాత్రం ఆడగొర్రెలు గట్టి ఆస్తి. పొట్టేలు పిల్లల్ని అమ్ముకుంటూ ఆడవాటిని ఉంచుకుంటే మళ్లీ పెట్టుబడి లేకుండానే మంద పెరుగుతుంది. కాలేజీ ఫీజు కట్టాల్సి వస్తే రెండు జీవాల్ని అమ్మితే గడుస్తుంది. ఎండాకాలంలో ఎరువు కోసం పొలంలో మంద కట్టించుకునే రైతులు డబ్బో, ధాన్యమో ఇస్తారు. అయితే చిక్కు కూలి దగ్గర వస్తుంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకు 75 శాతం సబ్సిడీతో ఇచ్చిన యూనిట్‌లో 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఉండేవి. ఒక పొట్టేలుకు 20 గొర్రెలు సరైన లెక్కే. కానీ ఇరవై గొర్రెలకైనా, అరవై గొర్రెలకైనా వెంట వెళ్లే మనిషి ఒకడు కావాల్సిందే. ఇరవై మీద ఆ మనిషి కూలి గిట్టదు. రెండు మూడు ఇళ్లవాళ్లు మందలు కలిపి వంతులేసుకుంటేనే పని నడుస్తుంది. పైగా బీళ్లు వెంచర్లయ్యాయి, తోటలకు కంచెలు పడ్డాయి. మందు కొట్టిన పత్తి చేలో మంద పడితే ఏమవుతుందోనన్న టెన్షన్ కాపరికి రోజూ ఉండేదే.

ఈతల సమయంలో భారమంతా ఇంట్లో ఆడవాళ్ల మీద పడుతుంది. రాత్రి పూట పుట్టిన పిల్లకు బొడ్డు దగ్గర టించర్ అయోడిన్ పెట్టాలి. గంటలోపు ముర్రుపాలు తాగించాలి. తొలిచూలు గొర్రె ఒక్కోసారి పిల్లను దగ్గరికే రానివ్వదు. దాన్ని గోడకు ఆనించి, మోకాలితో అదిమిపట్టి, పిల్ల నోటికి చన్ను అందించాలి. దారికొచ్చేదాకా పూటపూటా ఇదే పని. జీతానికి పెట్టుకున్న మనిషి అర్ధరాత్రి లేచి ఇంత ఓపికగా చేస్తాడని నేను నమ్మను.

పొట్టేలు పిల్లల పెంపకంలో ఈ గొడవ లేదు. 12 నుంచి 15 కిలోల పిల్లను తెచ్చి పచ్చిమేత, వేరుశనగ కట్టె, రోజుకు పావు కిలో దాకా దాణా ఇస్తే రోజుకు 100 నుంచి 150 గ్రాములు పెరుగుతుంది. నాలుగు నెలలకు సుమారు 28 కిలోలకు చేరుతుంది. డబ్బు తొందరగా తిరుగుతుంది. మేత అయిపోతే బ్యాచ్ అమ్మేసి షెడ్డు ఖాళీగా ఉంచుకోవచ్చు. బోరు కింద అరెకరం దశరథ గడ్డి ఉన్న ఇంటికి ఇది సరిగ్గా సరిపోతుంది. అయితే గడ్డి కోతకొచ్చాకే పిల్లల్ని తేవాలి.

ఇందులో నష్టం సంతలోనే మొదలవుతుంది. 2019 పశుగణన ప్రకారం గొర్రెల్లో తెలంగాణ దేశంలో మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండోది. కాబట్టి పిల్లలు దొరకడం కష్టం కాదు. కానీ సంతలో కొన్న యాభై పిల్లలు పది మందల నుంచి వచ్చి ఉంటాయి. వాటిలో ఒక్కదానికి పీపీఆర్ అనే అంటురోగం ఉన్నా ముక్కు కారడం, పారుడు మొదలై బ్యాచ్ మొత్తానికి పాకుతుంది. అందుకే దళారి చూపించిన గుంపు కంటే ఒకే కాపరి మందలోంచి పది పిల్లలు దొరికితే కిలోకు కాస్త ఎక్కువ పెట్టైనా వాటినే తీసుకోవాలి. కడుపు నిండా నీళ్లు తాగిన పిల్లను కాటా మీద పెడితే నీళ్లకు కూడా డబ్బు కట్టినట్టే. కాబట్టి నడుము మీద చెయ్యేసి కండ చూడాలి.

రెండో దెబ్బ దాణాది. తొందరగా పెరగాలని మొక్కజొన్న ఒక్కసారిగా పెంచితే కడుపు పులిసిపోతుంది. చిటుక రోగం కూడా అప్పుడే వస్తుంది. అది బక్క పిల్లను వదిలేసి, అందరికంటే బాగా తిని నిగనిగలాడే పిల్లనే పట్టుకుంటుంది. సాయంత్రం తొట్టి దగ్గర కుమ్ముకుంటూ తిన్న పొట్టేలు తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. చిటుక టీకా వేయించి, 50 గ్రాముల దాణాతో మొదలుపెట్టి రెండు వారాల్లో మెల్లగా పెంచితే దీన్ని చాలావరకు తప్పించవచ్చు.

బక్రీద్ కోసం మేపేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. ఆ పండగ ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది. 2025లో జూన్ 7న వచ్చింది. ఇకపై కొన్నేళ్లు నడి ఎండాకాలంలోనే పడుతుంది. అంటే మేత కరువుగా ఉండే నెలల్లోనే మేపాలి. కుంటుతున్నదాన్ని, చెవి తెగినదాన్ని ఆ బేరానికి ఎవరూ అడగరు.

ఆడగొర్రెల్ని మేపుకుంటున్న ఇళ్లవాళ్లు తమ పొట్టేలు పిల్లల్ని మూడో నెలలోనే దళారికి ఇచ్చేయడం చూస్తే నాకు బాధేస్తుంది. కష్టమంతా వీళ్లది, ఆ తర్వాత నాలుగు నెలల లాభం ఇంకొకరిది. ఏడెనిమిది పిల్లల్నైనా ఆపుకుని సాయంత్రం మంద తిరిగొచ్చాక వాటికి వేరుగా దాణా పెడితే బయటి రోగం రాదు, సంత ఖర్చు లేదు, తల్లి ఎవరో, ఎలా పెరిగిందో తెలుసు. వాటికోసం పెద్ద షెడ్డు కట్టనవసరం లేదు. దొడ్డిలో ఒక మూల తడకతో అడ్డం కట్టి, ఒక దాణా తొట్టి, నీళ్ల తొట్టి పెడితే చాలు.