పూల ఉల్లి: గ్లోబ్‌మాస్టరా, పర్పుల్ సెన్సేషనా, మిలీనియమా?

న్యూజెర్సీలో మా పెరటి వెనక చిన్న అడవి ఉంది. పొద్దుగూకితే జింకలు వస్తాయి. మొదటి ఏడాది ట్యులిప్‌లు వేశాం. మొగ్గలు రంగు తిరిగిన రోజు చూసుకుని మురిసిపోయి పడుకున్నాం. తెల్లారేసరికి కాడలే మిగిలాయి. అప్పటి నుంచి మేం వేసేది పూల ఉల్లి, అంటే పువ్వు కోసమే పెంచే ఉల్లి జాతి మొక్క (ఇంగ్లీషులో ఆలియం). ఆ వాసనకు జింకలు సాధారణంగా మూతి పెట్టవు, ఉడతలు గడ్డలు తవ్వుకుపోవు.

ఏటా అక్టోబర్‌లో దుకాణాల్లో గడ్డల సంచులు దిగగానే, కొత్తగా ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు ఫోన్ చేస్తారు. "అన్నా, ఏ రకం కొనమంటావ్?" అని. అందరికీ ఒకటే చెప్తున్నాను. సంచి మీది బొమ్మలో పువ్వే ఉంటుంది. మీరు ఆకు సంగతి కనుక్కుని కొనండి.

ముందు గ్లోబ్‌మాస్టర్. దీని అందానికి వంక పెట్టలేం. మూడడుగుల కాడ, దాని కొసన 8 నుంచి 10 అంగుళాల వంకాయరంగు బంతి. మే నెల చివర మొగ్గ మీది పొర, మన ఉల్లిపాయ పొట్టులాంటిదే, ఒక పక్కన చిట్లుతుంది. లోపల వందల మొగ్గలు పచ్చగా, గసగసాల ముద్దలా కిక్కిరిసి ఉంటాయి. వారం పది రోజుల్లో ఒక్కొక్కటీ తన కాడ మీద బయటికి జరిగి నక్షత్రంలా విచ్చుకుంటుంది. ఇది గింజ పట్టని సంకరం కాబట్టి పువ్వు చాలా రోజులు నిలుస్తుంది. దీన్ని నెదర్లాండ్స్‌లో పుట్టించారు. ఇరాన్, టర్కీ కొండల్లో పెరిగే క్రిస్టోఫీ అనే ఉల్లి దీని తల్లిదండ్రుల్లో ఒకటి. ఆ క్రిస్టోఫీ కూడా వేసి చూశాను. పొట్టిది, పువ్వు వెండి మెరుపుతో ఉంటుంది, ఎండాక కూజాలో పెట్టుకుంటే చలికాలమంతా ఉంటుంది.

గ్లోబ్‌మాస్టర్‌తో చిక్కు ధర. నేను కొన్నప్పుడు ఒక్క గడ్డ డబ్బుకు పర్పుల్ సెన్సేషన్ గడ్డలు ఏడెనిమిది వచ్చాయి.

పర్పుల్ సెన్సేషన్ పువ్వు చిన్నది, నాలుగంగుళాలు ఉంటుందేమో. అయినా రంగు మాత్రం గ్లోబ్‌మాస్టర్ కన్నా చిక్కన. మే నెలలోనే పూస్తుంది. పాతిక గడ్డలు గుంపుగా వేస్తే దారిన పోయేవాళ్లు ఆగి చూస్తారు. గింజలు రాలి వాటంతట అవే మొలుస్తాయి. ఆ పిల్లలు గడ్డిపోచల్లా వచ్చి, పూతకు రావడానికి కొన్నేళ్లు తీసుకుంటాయి. వచ్చినా తల్లి రంగు రాదు, వెలిసినట్టు ఉంటాయి. ఆ చిక్కని రంగే కావాలనుకుంటే గింజ ముదరకముందే పూలు కోసేయాలి.

ఇక ఆకు. పెద్ద పూల ఉల్లిలో పువ్వు విచ్చుకునే వేళకే ఆకుల కొసలు పండుబారి వేలాడతాయి. పర్పుల్ సెన్సేషన్‌ది మరీ తొందర. పైన పెళ్లి ముస్తాబు, కింద ఎండిన చొప్ప. పచ్చగా ఉన్నంతకాలం ఆ ఆకును కోయకూడదు, వచ్చే ఏటి పువ్వుకు గడ్డలో తిండి దాచేది అదే. కాబట్టి కప్పెట్టాలి. మేం ముందు వరసలో హోస్టాలు, డేలిల్లీలు వేశాం. ఉల్లి ఆకు వాలే సమయానికి వాటి ఆకు లేస్తుంది. హోస్టాను మాత్రం జింకలు వదలవు, ఇంటి గోడ దగ్గర వేసిందే బతికింది. ఈ కప్పే మొక్కలకు చోటు లేనివాళ్లు పెద్ద ఉల్లి జోలికి పోకపోవడమే మంచిది.

అలాంటి వాళ్లకు నా మాట మిలీనియం. పేరు ఇంగ్లీషులో ఒక 'ఎన్' తక్కువతో రాస్తారు, వెతికేటప్పుడు గుర్తుంచుకోండి. మసాచుసెట్స్‌లో మార్క్ మెక్‌డొనో అనే ఆయన పుట్టించారు. 2018లో అమెరికాలో ఆ ఏటి మేటి బహువార్షిక (ఏళ్ల తరబడి బతికే) మొక్కగా దీన్నే ఎంచారు. దీన్ని కుండీలో మొక్కగా అమ్ముతారు, వసంతంలోనే నాటుకోవచ్చు. అడుగు, అడుగున్నర ఎత్తు దాటదు. మెరిసే ఆకుపచ్చ ఆకు మంచు పడేదాకా అలాగే ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో, తోటలో మిగతావన్నీ సొమ్మసిల్లినప్పుడు ఇది పూస్తుంది. పోయినేడు ఒక పొద్దున నీళ్లు పెడుతూ వంగి చూశాను. గులాబీ ఊదా పూబంతుల మీద తుమ్మెదలు కాళ్లు ముడుచుకుని నిద్రపోతున్నాయి, రెక్కల మీద మంచు బొట్లు. ఎండ తగిలాక ఒక్కొక్కటీ కదిలాయి. ఆ మొక్క మీద నాకు గురి కుదిరింది ఆ పొద్దునే.

ఏ గడ్డకైనా నీళ్లు నిలవని చోటు కావాలి. మాది బంకమన్ను. చూరు నీళ్లు పడే మూల నాలుగు గ్లోబ్‌మాస్టర్‌లు పాతాను. వసంతంలో ఎంతకీ మొలక రాకపోతే తవ్వాను. బుట్ట అడుగున కుళ్లిన ఉల్లిపాయే, అదే జిగట, అదే కంపు. ఇప్పుడు ఎత్తు మడిలో వేస్తున్నాను. గడ్డ ఎత్తుకు మూడింతల లోతున, అక్టోబర్, నవంబర్‌లలో పాతాలి. కుక్కకీ పిల్లికీ ఉల్లి జాతి ఏదైనా విషమే. కూరగాయల ఉల్లి పక్కన కూడా వేయకండి: ఉల్లి జాతి ఆకుల్లో సొరంగాలు చేసే ఒక ఈగ 2015లో పక్కనున్న పెన్సిల్వేనియాలో బయటపడింది, దానికి కూర ఉల్లీ పూల ఉల్లీ తేడా లేదు.

చోటూ డబ్బూ ఉంటే మూడు గ్లోబ్‌మాస్టర్‌లు, వాటి చుట్టూ పర్పుల్ సెన్సేషన్, ముందు వరసలో మిలీనియం వేయండి. ఒక్కటే వేయాలంటే మిలీనియం.

హైదరాబాద్, విజయవాడ నుంచి అడిగేవాళ్లూ ఉన్నారు. పెద్ద పూల ఉల్లికి వారాల తరబడి గట్టి చలి కావాలి, అక్కడ ఆ చలి లేదు. గడ్డలు తెప్పించుకుని డబ్బు పోగొట్టుకోవద్దు. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు గ్లోబ్‌మాస్టర్‌ను చేత్తో నిమిరి, "ఇది ఉల్లి పువ్వే కదరా, విత్తనానికి వదిలితే మన చేలోనూ ఇలాగే బంతిలా పూసేది, కాకపోతే తెల్లగా" అంది. నిజమే. వంటింట్లో మొలకెత్తిన ఉల్లిపాయను దసరా, దీపావళి మధ్య కుండీలో సగం పైకి కనిపించేలా పాతి, ఎండ తగిలే చోట పెట్టండి. చలికాలంలో బోలు కాడ లేచి, కొసన తెల్లటి బంతి కడుతుంది. తేనెటీగలు దాన్ని వెతుక్కుంటూ వస్తాయి.