ఒమాహా ఇసుకలో లేని గుంతలు

విమానాలు లేచిన చోటు, బాంబులు పడిన చోటు, రెండూ ఒకే ప్రయాణంలో చూడాలని మామయ్య పట్టుదల. ఆయన మన వైమానిక దళంలో విమానాల మరమ్మతు చేసి రిటైరయ్యారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్ 6న, జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులోని నార్మండీ తీరంలో మిత్రరాజ్యాల సైన్యం దిగడానికి దారి చేయబోయిన అమెరికన్ భారీ బాంబర్ల గురించి ఆయన ఏళ్ల తరబడి చదువుతున్నారు. అందుకే సెప్టెంబరులో వారం రోజులు సెలవు పెట్టి ఇంగ్లండు నుంచి ఫ్రాన్సుకు వెళ్లాం. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి బ్రిటన్ వీసా ఒక్కటే చాలదు. ఫ్రాన్సుకు షెంగెన్ వీసా వేరుగా తీసుకోవాలి.

మొదట కేంబ్రిడ్జి దగ్గరి డక్స్‌ఫర్డ్. లండన్ నుంచి రైల్లో విటిల్స్‌ఫర్డ్ పార్క్‌వేలో దిగితే అక్కడినుంచి టాక్సీలో కొద్ది దూరమే. నార్మన్ ఫాస్టర్ రూపకల్పన చేసిన అమెరికన్ ఎయిర్ మ్యూజియం 1997లో మొదలైంది. పెద్ద కాంక్రీటు గుమ్మటం కింద ఆనాటి భారీ బాంబర్లు బి-17, బి-24 రెండూ ఉన్నాయి. మామయ్య బి-24 లిబరేటర్ దగ్గరే గంటసేపు నిలబడిపోయారు. యుద్ధం ముగిశాక కాన్పూరులో వదిలేసి వెళ్లిన లిబరేటర్లలో నలభైకి పైగా విమానాలను హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (ఇప్పటి హిందుస్థాన్ ఏరోనాటిక్స్) వాళ్లు బాగుచేశారు. మన దళం వాటిని 1968 వరకూ నడిపింది. తన సీనియర్లు వాటి గురించి చెప్పిన కబుర్లన్నీ ఆయన నాకు అక్కడే అప్పజెప్పారు.

నన్ను కదిలించింది మాత్రం మ్యూజియం బయటి అద్దాల వరుస. యాభై రెండు అద్దాల మీద 7,031 విమానాల రూపురేఖలు చెక్కారు. బ్రిటన్ నుంచి వెళ్లి తిరిగిరాని అమెరికన్ విమానాలవి. దగ్గరికి వెళితే ఒక్కో గీతలోంచి అవతలి ఆకాశం కనిపిస్తుంది. టికెట్టు ఖరీదు ఎక్కువే, అయినా రోజంతా గడపడానికి సరిపడా ఉంది. లోపలి ఫలహారశాలలో శాకాహారులకు పెద్దగా దొరకదు. మేము పులిహోర కట్టుకుని వెళ్లాం.

దగ్గరలోనే మాడింగ్లీలో అమెరికన్ సైనికుల శ్మశానవాటిక ఉంది, ప్రవేశం ఉచితం. దేహాలు దొరకని 5,127 మంది పేర్లు అక్కడి పొడవాటి గోడ మీద ఉన్నాయి.

ఇంగ్లండులో ఒక్కచోటే చూడగలమంటే నేను నార్‌ఫోక్ సరిహద్దులోని థోర్ప్ ఆబట్స్‌కు వెళ్లమంటాను. అమెరికన్ల నూరవ బాంబర్ దళం అక్కడినుంచి ఎగిరింది. 1943 అక్టోబరు 10న జర్మనీలోని మున్‌స్టర్ మీదికి వెళ్లిన ఈ దళం విమానాలు పదమూడు, తిరిగివచ్చింది ఒక్కటే. పాత కంట్రోల్ టవర్‌ను స్వచ్ఛంద కార్యకర్తలు బాగుచేసి మ్యూజియంగా నడుపుతున్నారు. అన్ని రోజులూ తెరవరు, ముందే కనుక్కుని వెళ్లాలి. డిస్ స్టేషన్‌లో దిగి టాక్సీ మాట్లాడుకోవాలి, తిరుగు టాక్సీ కూడా అప్పుడే ఖాయం చేసుకోండి. మేము ఆ పని చేయక గంటన్నర ఆగాల్సి వచ్చింది. ఆ సమయంలో టవర్ బాల్కనీలో నిలబడి చూస్తే ఒకప్పటి రన్‌వే స్థలమంతా పొలాలే. అక్కడ నిలబడే కదా దళంవాళ్లు వెళ్లిన విమానాలను ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుంటూ ఎదురుచూశారు!

పోర్ట్స్‌మత్ నుంచి ఫ్రాన్సు తీరంలోని విస్ట్రెహాంకు ఓడలో ఆరు గంటలు. రాత్రి ఓడ తీసుకుంటే ఒక బస ఖర్చు మిగులుతుంది కానీ, ఆ సముద్రాన్ని పగటిపూట దాటడమే మంచిది.

బస నార్మండీలోని బాయూలో పెట్టుకున్నాం. యుద్ధంలో దెబ్బతినకుండా మిగిలిన ఊరు, నడిచి తిరగడానికి చక్కగా ఉంటుంది. మా గది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు, మెట్లు ఇరుకు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఈ సంగతి ముందే అడగాలి. మినీబస్సు యాత్ర నడిపేవాళ్లు ముందురోజు సాయంత్రం రద్దు చేసుకున్నారు. చివరికి కారు అద్దెకు తీసుకోవాల్సి వచ్చింది. మొదటే తీసుకుని ఉంటే ఇంకా బాగుండేది, ఎందుకంటే తీరం వెంట బస్సులు రోజుకు కొన్నే.

జర్మన్ ఫిరంగి స్థావరం ఉండిన పాయింట్ దు హోక్ కొండకొనమీద అడుగుపెడితే నేల అంతా గుంతలే. గడ్డి పెరిగింది, అంచులు మెత్తబడ్డాయి, అయినా ఎనభై ఏళ్లుగా అలాగే ఉన్నాయి. ఇవన్నీ అమెరికన్ భారీ బాంబర్లు చేసినవే కావు. మధ్యరకం బాంబర్లు, బ్రిటిష్ లాంకాస్టర్లు, టెక్సస్ యుద్ధనౌక ఫిరంగులు కూడా ఇక్కడే కురిపించాయి.

అక్కడినుంచి కారులో, ఆ రోజు అమెరికన్ సైనికులు దిగిన ఒమాహా తీరానికి వెళ్లాం. చదునైన ఇసుక, వెనక పచ్చటి మెట్ట. గుంత అన్నది లేదు. కాలం పూడ్చేసిందేమో అనుకున్నాను. మామయ్య తల అడ్డంగా ఊపారు. "ఆ రోజు కూడా లేవు. బాంబులు పడి గుంతలు ఉంటాయి, దాక్కోవచ్చు అని చెప్పి పంపారు పిల్లలను," అన్నారు.

ఆ ఉదయం 329 లిబరేటర్లు ఒమాహా రక్షణ స్థావరాల కోసం వచ్చి సుమారు 13,000 బాంబులు వేశాయి. కింద మబ్బు కమ్మింది, రాడార్ మీద ఆధారపడ్డారు. సముద్రం వైపునుంచి తీరానికి ఎదురుగా వస్తున్నారు కాబట్టి తొందరపడితే తమ పడవల మీదే పడతాయని భయం. అందుకే గురి దాటాక కొన్ని సెకన్లు, కొందరు ముప్పై సెకన్ల దాకా, ఆగి వదిలారు. మామయ్య ఇసుకలో నిలబడి పైకి చూస్తూ ఒకటినుంచి ముప్పై దాకా పైకే లెక్కపెట్టారు. సెకనుకు సుమారు తొంభై మీటర్లు. ముప్పై పూర్తయ్యేసరికి ఆయన వేలు మెట్ట దాటి, ఊళ్లు దాటి, పొలాలవైపు చూపిస్తోంది. బాంబులు అక్కడే పడ్డాయి.

అలాగని భారీ బాంబర్లు ఏమీ చేయలేదనడం తప్పు. నా అభిప్రాయంలో వాటి అసలు సాయం ఆ ఉదయానికి ముందే జరిగిపోయింది. ఆ ఏడాది మొదటి నెలల్లో జర్మన్ ఫైటర్ దళాన్ని నలగ్గొట్టారు. వసంతంలో ఫ్రాన్సు రైలు యార్డులు, వంతెనలు కొట్టారు. తీరంలో దిగినవాళ్ల తలమీద జర్మన్ విమానాలు దాదాపు కనబడకపోవడం ఆ పని ఫలితమే.

ఒమాహా తీరం పైన కొలవీల్‌లోని అమెరికన్ శ్మశానవాటికలో జనరల్ లెస్లీ మెక్‌నైర్ సమాధి కూడా చూడండి. 1944 జూలై 25న సెయింట్-లో అనే ఊరి దగ్గర సొంత బాంబులు సొంత సైనికుల మీదే పడి 111 మంది చనిపోయారు. ఆ జనరల్ వారిలో ఒకరు.

చివరి రోజు బాయూ నుంచి రైల్లో సెయింట్-లోకు వెళ్లాం. జూన్ 6న మొదలైన మిత్రరాజ్యాల బాంబుదాడుల్లో ఊరు నేలమట్టమైంది. జర్మన్లు బంధించిన ఫ్రెంచి ప్రతిఘటన యోధులు ఆ బాంబులకే జైల్లో చనిపోయారు. ఆ జైలు ద్వారం ఒక్కటే మిగిలింది, దాన్ని స్మారకంగా నిలిపి ఉంచారు. తలుపు వెనక ఇప్పుడు జైలు లేదు. మేము వెళ్లేసరికి ఎవరో పువ్వులు పెట్టి వెళ్లినట్టున్నారు, ఇంకా వాడలేదు. యాత్రా సంస్థల జాబితాల్లో నాకు ఈ చోటు కనబడలేదు. సమయం చాలకపోతే డక్స్‌ఫర్డ్‌లో ఒక పూట తగ్గించుకోండి గానీ, సెయింట్-లో మాత్రం మానుకోవద్దు.