విజయనగరంలో చూసిన రేడియోగ్రాం: కొనవచ్చునా, బాగుచేయించవచ్చునా?

విజయనగరం కోటకు దగ్గరలోని ఒక పాత పెంకుటింట్లో అమ్మకానికి ఉన్న రేడియోగ్రాంను రెండుసార్లు వెళ్ళి చూసి వచ్చాను. నిలువెత్తు బీరువాను అడ్డంగా పడుకోబెట్టినట్టుండే టేకు వెనీరు పెట్టె అది. మూత ఎత్తితే ఒకవైపు వాల్వుల (ట్రాన్సిస్టర్లకు ముందు కాలపు గాజు గొట్టాల) రేడియో, రెండో వైపు రికార్డులను తనంతట తానే మార్చుకునే చేంజరు, కింద రికార్డులు నిలబెట్టుకునే అర కనిపిస్తాయి. పెట్టె మీది కంపెనీ బిళ్ళ ఎప్పుడో ఊడిపోయింది కానీ, చేంజరు పలక మీద మాత్రం పేరు చెక్కుచెదరలేదు. అది బీఎస్ఆర్ కంపెనీ వారి మోనార్క్ యూఏ8 మోడల్. ఇంగ్లండులోని ఓల్డ్ హిల్ ఊళ్ళో 1950ల ద్వితీయార్థంలో తయారై, లెక్కలేనన్ని కంపెనీల రికార్డ్ ప్లేయర్లలోకీ రేడియోగ్రాములలోకీ వెళ్ళిన యంత్రం. ఇంటావిడ, ఒక మామ్మగారు, అడిగిన ధర రూ.35,000. ఆ ధరకు అది తగునా, బాగుచేయించడానికి ఎంతవుతుంది, బాగుచేయించాక దానితో నేను ఏం వింటాను అన్న మూడు ప్రశ్నలకూ సమాధానం వెతుక్కుంటూ రాస్తున్న సమీక్ష ఇది.

నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల 78 రికార్డు ఒక వైపున సుమారు మూడు నిమిషాలే మోగుతుంది. అందుకే దాన్ని వినేవాడు కుర్చీలో సర్దుకుని కూర్చునే లోపలే మళ్ళీ లేవవలసి వచ్చేది. "మా వారు ఆదివారం పూట పది ప్లేట్లు ఎక్కించి పేపరు పట్టుకుని కూర్చునేవారు బాబూ, మళ్ళీ భోజనానికి పిలిస్తేనే లేవడం," అని ఆ మామ్మగారు చెప్పిన మాటలో చేంజరు ఎందుకు పుట్టిందో మొత్తం ఉంది. పైగా మన దేశంలో 78 రికార్డులు 1960ల చివరి దాకా వస్తూనే ఉన్నాయి కనుక, 16, 33⅓, 45, 78 అనే నాలుగు వేగాలూ ఉన్న ఇటువంటి యంత్రం ఆ రోజుల్లో మన ఇళ్ళకు సరిగ్గా సరిపోయింది. తాతగారి లక్కతో చేసిన 78 ప్లేట్లూ, మనవడు తెచ్చిన కొత్త 33⅓ ఎల్పీలూ దాని మీదనే మోగేవి.

పనితీరు చూడవలసిందే. రికార్డుల దొంతరను నడిమి కడ్డీ మీదికి ఎక్కిస్తే అవి పళ్ళెం దాకా దిగవు, కడ్డీకి మధ్యలో ఉన్న చిన్న మెట్టు మీద ఆగుతాయి. పక్కనుంచి వచ్చే చేయి పైనుంచి అదిమిపట్టడం వల్ల దొంతర ఒరగకుండా ఉంటుంది. మీట తిప్పగానే కడ్డీ లోపలి చిన్న నాలుక కదిలి, అట్టడుగు రికార్డును మెట్టు మీదినుంచి వెంట్రుకవాసి పక్కకు నెడుతుంది. ఆ రికార్డు తన కింద చిక్కుకున్న గాలి మీద తేలుతూ, మనం భయపడినంత చప్పుడేమీ లేకుండా పళ్ళెం మీద పడుతుంది. ముల్లు చేయి లేచి, అంచు దగ్గరికి వచ్చి, దిగుతుంది. 7, 10, 12 అంగుళాల రికార్డులను కలగలిపి పెట్టినా పరిమాణాన్ని అదే పసిగట్టి ముల్లును సరైన చోట దించగలగడం ఈ మోడల్ గొప్పతనం. ఈ కదలికలన్నిటికీ శక్తి తిరిగే పళ్ళెం నుంచే అందుతుంది కనుక, 78 మీద చకచకా ముగిసే తతంగం 33⅓ మీద తీరుబడిగా సాగుతుంది. దీనిలో ఎలక్ట్రానిక్స్ అన్నది లేదు. మొత్తం పని మీటలు, పళ్ళచక్రాలు, స్ప్రింగులే చేస్తాయి. దానిని విప్పి చూసిన ప్రతిసారీ, చేసినవారి పట్ల నాకు గౌరవం పెరుగుతూనే ఉంటుంది.

అయితే మామ్మగారింట్లో ఉన్న యంత్రం ఇప్పుడు ఇదేమీ చేయడం లేదు. కరెంటు పెట్టకుండా మీట నొక్కి, పళ్ళేన్ని చేత్తో సవ్యదిశలో మెల్లగా తిప్పి చూశాను. ఇటువంటి యంత్రాన్ని కొనబోయేవారెవరైనా ముందు చేయవలసిన పరీక్ష ఇదే. ముల్లు చేయి సగం లేచి బిగుసుకుపోయింది. పైనున్న క్లిప్పు తీసి పళ్ళెం ఎత్తి చూస్తే కారణం తెలిసింది. అరవయ్యేళ్ళ గ్రీజు తాటిబెల్లం పాకంలా గట్టిపడి మీటలన్నిటినీ పట్టేసింది. అంతకన్నా బాధ కలిగించినది మరొకటి ఉంది. ఎప్పుడో బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ ఒకరు బిగుసుకున్న ప్రతి చోటా కుట్టుమిషను నూనె ఒంపి వెళ్ళారట. పాట పూర్తయి ముల్లు చివరి గాడిలోకి చేరినప్పుడు, ముల్లు చేయి ఒక్కసారిగా లోపలికి జరగడాన్ని ఒక సన్నని మీట గుర్తించి మార్పును మొదలుపెట్టాలి. ఆ మీట ఈకలా తేలికగా, పొడిగా ఉండాలి. దాని మీద నూనె పడి, దుమ్ము చేరి జిగురైతే పాట మధ్యలోనే రికార్డు మారిపోవచ్చు, లేదా పాట అయిపోయినా ముల్లు అక్కడే గిరగిరా తిరుగుతూ ఉండిపోవచ్చు. అదే నూనె రబ్బరు చక్రం మీద కూడా కారింది.

ఆ రబ్బరు చక్రమే మోటారు కడ్డీకీ పళ్ళెం లోపలి అంచుకూ మధ్య ఒరుసుకుంటూ పళ్ళేన్ని తిప్పుతుంది. నూనె తగిలితే అది జారుతుంది, వేగం తగ్గి పాట సాగదీసినట్టు వినిపిస్తుంది. మీట ఆపకుండా గోడ దగ్గర స్విచ్ కట్టేసినా, కరెంటు పోయాక అలాగే వదిలేసినా, చక్రం అదిమిపట్టిన చోట నొక్కు పడి, తరువాత ప్రతి పాట కింద టక్ టక్ మని గుర్రపు నడక వినిపిస్తుంది. మన ఊళ్ళల్లో కరెంటు కోతలను తట్టుకుని బతికిన యంత్రాలలో ఈ నొక్కు లేనిది నేను ఒక్కటీ చూడలేదు. దీనిలోనూ ఉంది. రబ్బరు కొత్తగా పోయించి సానపట్టించవచ్చు కనుక దీనికి భయపడనవసరం లేదు. గ్రీజును కిరోసిన్‌తో కడిగి, ఏ చోట పలుచని నూనె, ఏ చోట గ్రీజు, ఏ చోట ఏమీ రాయకూడదో తెలిసిన చేయి పడితే యంత్రం తిరిగి లేస్తుంది. మీటలు వంగలేదు, స్ప్రింగులు పోలేదు, కడ్డీ లోపలి నాలుక ఆడుతోంది. ఈ మూడూ బాగున్నందువల్లనే నేను రెండోసారి వెళ్ళాను.

సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఉండేవారు ప్రత్యేకంగా చూసుకోవలసినది ముల్లును పట్టి ఉంచే కాట్రిడ్జి. ఆ కాలపు క్రిస్టల్ కాట్రిడ్జిలో ముల్లు కదలికను కరెంటుగా మార్చేది రోషెల్ లవణపు పలుకు. అది తేమను పీల్చుకుని కరిగిపోతుంది, సుమారు 55 డిగ్రీల వేడికే పాడైపోతుంది. విశాఖలో, కాకినాడలో, మా చుట్టుపక్కల ఎక్కడైనా అరవయ్యేళ్ళు ఉన్న క్రిస్టల్ కాట్రిడ్జి పనిచేస్తుందని ఆశపడకుండా, దాని స్థానంలో సిరామిక్ కాట్రిడ్జి వేయించడానికి అయ్యే ఖర్చును ధరలోనే లెక్కవేసుకోవాలి. ముల్లు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 78 రికార్డు గాడి వెడల్పు కనుక దాని ముల్లు మొన వ్యాసార్ధం అంగుళంలో వెయ్యింట మూడు వంతులు, ఎల్పీ ముల్లు మొనది వెయ్యింట ఒక వంతు ఉంటుంది. 78 ముల్లును ఎల్పీ మీద పెడితే ఆ ఎల్పీ పాడైనట్లే.

రేడియో, ఆంప్లిఫయర్ల భాగాన్ని నాతో వచ్చిన పాత రేడియో మెకానిక్ పెద్దాయన చూశారు. నేరుగా ప్లగ్గులో పెట్టనివ్వకుండా, తనతో తెచ్చిన సిరీస్ బోర్డులో వంద వాట్ల బల్బు ద్వారా కరెంటు ఇచ్చారు. లోపల ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, సెట్టు కాలిపోదు. బల్బు ఒకసారి మెరిసి మసకబారింది, అంటే ట్రాన్స్‌ఫార్మర్ బతికి ఉంది. మైనం పూసిన పాత కాగితపు కండెన్సర్లన్నీ మార్చవలసిందే, ఫిల్టరు కండెన్సర్లూ అంతే. ఈఎల్84 వంటి వాల్వులు ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి కనుక ఆ దిగులు లేదు.

అమెరికాలో పాత చేంజరు చవకగా దొరికిందని ఇంటికి పట్టుకు రావాలనుకునే మనవారికి ఒక్క మాట చెప్పాలి. వోల్టేజీని ట్రాన్స్‌ఫార్మర్‌తో సరిచేయవచ్చు గానీ, అక్కడి సెకనుకు 60 సైకిళ్ళ కరెంటుకు చేసిన మోటారు ఇక్కడి 50 సైకిళ్ళ మీద తిరిగితే 78 కాస్తా 65కు పడిపోతుంది. మోటారు కడ్డీ మీది పుల్లీని మార్చకపోతే ఏ గాయకుడి గొంతైనా బొంగురుపోతుంది. ఇంగ్లండు యంత్రాలకు ఈ ఇబ్బంది లేదు.

పెట్టె సంగతి చెప్పడానికి ఎక్కువ లేదు. వెనక కాళ్ళలో ఒకదానికి చెద పట్టింది, వెనీరు రెండు చోట్ల లేచింది, మంచి వడ్రంగి చేతిలో అదంతా వారం పని. లక్క పాలిష్‌ను స్పిరిటులో కరిగిస్తారు కదా, 78 రికార్డుల్లోనూ ఉన్నది ఆ లక్కే కాబట్టి, పాలిష్ జరుగుతున్న గదిలో రికార్డులు ఉంచకండి, స్పిరిటు గుడ్డతో వాటిని ఎన్నడూ తుడవకండి. ఒక్క తుడుపుతో గాడులు పోతాయి.

ఇక నన్ను రెండు వారాలు నిద్రపోనివ్వని ప్రశ్న వేరు. నేను ఈ యంత్రం కోసం వెతకడానికి మూలకారణం మా నాన్నగారు దాచిన ఒక పౌరాణిక నాటకం సెట్టు. ఆరు 78 ప్లేట్లు, పన్నెండు భాగాలు, పద్యాలూ సంవాదాలూ ఉన్న సెట్టు. ఆరింటినీ ఎక్కించి నాన్నగారిని కూర్చోబెట్టి వినిపించాలన్నది నా కోరిక. ఇంటికి వచ్చి ఆ ప్లేట్లు తీసి చూస్తే ఒకటో భాగం, రెండో భాగం ఒకే ప్లేటుకు రెండు వైపులా ఉన్నాయి. చేంజరు ప్లేటును తిరగేయదు. అది 1, 3, 5, 7, 9, 11 భాగాలను వరసగా వినిపిస్తుంది. ఒకటో భాగంలో రాయబారి పద్యం ఎత్తుకుంటే, దానికి రావలసిన జవాబు రెండో భాగంలో ప్లేటు అడుగున బోర్లా పడుకుని ఉంటుంది. ఈ చిక్కును అమెరికాలో విక్టర్ అనే రికార్డుల కంపెనీ ముందే గ్రహించి, చేంజర్లు ఉన్నవారి కోసం ఒకటో భాగానికి వెనక చివరి భాగం వచ్చేలా సెట్లను వేరుగా ముద్రించి అమ్మింది. మా సెట్టు అటువంటిది కాదు. దానికి తోడు, లక్క ప్లేటు మీద లక్క ప్లేటు పడుతున్నప్పుడు అంచు పెచ్చులూడే ప్రమాదం ఉంది, దొంతర పెరిగేకొద్దీ పై ప్లేటు జారే ప్రమాదమూ ఉంది. మరీ పాత ప్లేట్లలో కొన్నిటికి ముల్లును లోపలికి లాగే చివరి గాడి ఉండదు కాబట్టి, వాటి దగ్గర యంత్రం మారనే మారదు.

అందువల్ల నా అభిప్రాయం ఇది. మీ దగ్గర ఉన్నవి మళ్ళీ దొరకని 78 ప్లేట్లు మాత్రమే అయితే, దీని మీద డబ్బు పెట్టకుండా ఒక్క రికార్డు వాయించే మంచి టర్న్‌టేబుల్ కొనుక్కోండి. సినిమా పాటల ఈపీలు, ఎల్పీలు ఉండి, ఆదివారం పూట అవి వాటంతట అవే మారుతుంటే వినాలన్న కోరిక ఉంటే యూఏ8ను నిస్సంకోచంగా కొనవచ్చు, కానీ మార్చే యంత్రాంగం పూర్తిగా ఉన్నదాన్నే కొనండి. ముల్లు, రబ్బరు, కండెన్సర్లు బజారులో దొరుకుతాయి, విరిగిన మీట దొరకదు.

మా ఇంట్లో ఎల్పీలూ ఉన్నాయి. బాగుచేతకు పదహారు వేలు అవుతుందని పెద్దాయన లెక్క వేశారు. ఆ చీటీ చూపించి మామ్మగారితో మాట్లాడాను, రూ.24,000కు ఒప్పుకున్నారు. బయానా ఇచ్చాను. నాటకం సెట్టును ఒక్కొక్క ప్లేటుగా పెట్టి, ప్రతి మూడు నిమిషాలకూ లేచి నేనే తిరగేస్తానని నాన్నగారితో చెప్పాను. రెండో భాగం మొదట్లో ఒక గీత ఉంటుంది, అక్కడ ముల్లును చేత్తో కాస్త ముందుకు జరపాలని ఆయన గుర్తుచేశారు.