అటక మీద 5 ఏళ్ళు మర్చిపోయిన బెల్లం బార్లీవైన్, ఇప్పుడు తాగి చూశాక

ఈ బీరు గురించి 2020లో నన్నడిగిన వాళ్ళందరికీ ఒకటే చెప్పాను, బార్లీవైన్ (పేరులో వైన్ ఉన్నా ఇది బాగా ఘాటైన బీరే) జోలికి పోకండి, గోధుమ బీరు కాచుకుంటే మూడు వారాల్లో హాయిగా తాగొచ్చు అని. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నా. మొత్తం కాదు, చాలావరకు.

2019 డిసెంబర్‌లో కాచాను. బెంగళూరులో ఇంట్లో ఏల్ రకం బీరు కాయడానికి అంతకంటే మంచి నెల లేదు, రాత్రిళ్ళు 16, 17 డిగ్రీలకి దిగుతుంది, బకెట్ చుట్టూ తడి తువ్వాలు చుట్టి పెడితే చాలు ఈస్ట్ తన పని తను చేసుకుపోతుంది. 10 లీటర్ల బ్యాచ్, మాల్ట్‌తో (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) పాటు అనకాపల్లి నుంచి అమ్మ పంపిన బెల్లం ముప్పావు కిలో వేశా. ద్రవంలో తీపి ఎంతుందో చిక్కదనాన్ని బట్టి చూపే హైడ్రోమీటర్ 1.100 దగ్గర మొదలై 1.022 దగ్గర ఆగింది, అంటే ఆల్కహాల్ 10 శాతం పైమాటే.

రెండు నెలలకి మొదటి సీసా తెరిస్తే గొంతు మండింది. చేదు చేదుగా, ఘాటు ఘాటుగా, దేనికదే విడిగా తగిలాయి. గ్యాస్ కూడా లేదు, అంత ఆల్కహాల్‌లో ఈస్ట్ అలిసిపోయి ఉంటుంది కాబట్టి సీసాలో గ్యాస్ పట్టడానికి నెలలు పడుతుందని అప్పుడు నాకు ఓపిగ్గా ఆలోచించే మనసు లేదు. ఏప్రిల్ లాక్‌డౌన్‌లో, షాపులన్నీ మూసేసిన రోజుల్లో, పక్క ఫ్లాట్ ఫ్రెండ్ కూడా ఒక గ్లాసు తాగి రెండోది వద్దన్నాడు. చాలా బాధేసింది. మిగిలినవి అట్టపెట్టెలో పెట్టి అటక మీదకి తోసేశా, తర్వాత దాని ముందు పాప ఉయ్యాల విప్పి పెట్టాం, ఇక అంతే.

2025 జనవరిలో బీటీఎం నుంచి వైట్‌ఫీల్డ్ వైపు ఇల్లు మారుతుంటే బయటపడింది. 5 సీసాలు. అందులో 3 మామూలు 650 మిల్లీ బీరు సీసాలకి సోడా మూత కొట్టినవి, 2 తీగ బిగించే స్వింగ్ టాప్ సీసాలు. ఈ స్వింగ్ టాప్‌లని నేను ఎంత మెచ్చుకున్నానో నాతో బీరు కాచిన వాళ్ళకి తెలుసు, మూత కొట్టే మెషీన్ అక్కర్లేదు, మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు అని. ఇప్పటికీ రెండు మూడు నెలల్లో తాగేసే బీరుకి అదే మాట చెప్తా. ఏళ్ళ తరబడి పెట్టేవాటికి మాత్రం చెప్పను. ఒకదాంట్లో రబ్బరు వాషర్ గట్టిపడి చీలిపోయింది, సగం బీరు కారి అట్టపెట్టె అడుగంతా బంకబంకగా ఉంది. రెండోది చూడ్డానికి బాగానే ఉంది గానీ తీగ విప్పితే చప్పుడే లేదు, వాసన చూస్తే తడిసిన అట్ట వాసన. గాలి తగిలిన బీరుకి వచ్చే వాసనే అది. రెండూ సింక్‌లో పోశా.

సోడా మూతది తీసేటప్పుడు సీసాకి మందపాటి గుడ్డ చుట్టా, పాత సీసాలతో జాగ్రత్త, గ్యాస్ ఎక్కువై పగిలే ప్రమాదం ఉంటుంది. తుస్ మని చిన్న చప్పుడు. ఆ చప్పుడికే నాకు ప్రాణం లేచొచ్చింది! ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పోసుకున్నా కదా, మొదటి గుక్కలో ఏమీ తెలీలేదు, చల్లగా చిక్కగా ఉంది అంతే. గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టేసి గిన్నెలు సర్దడానికి పోయా. అరగంట తర్వాత వచ్చి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఖర్జూరం, ఎండుద్రాక్ష, అడుగున సన్నగా కాలిన పాకం వాసన. తాగితే ఎక్కడా మంట లేదు. ఆ 10 శాతం ఎటుపోయిందో అన్నట్టుంది, కడుపులోకి దిగాక వెచ్చగా తెలుస్తుంది తప్ప నాలిక మీద తెలీదు. అప్పుడు విడివిడిగా తగిలినవన్నీ, మాగాయ ఊరినట్టు, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. సాయానికొచ్చిన మా బావమరిది ఒక గుక్క తాగి "బావా, ఇందులో అరిసెల పాకం గానీ పోశారా" అన్నాడు. నిజానికి వేసిన బెల్లంలో తీపిని ఈస్ట్ ఎప్పుడో తినేసింది. ఈ పాకం రుచి చాలావరకు మాల్ట్‌ది, కొంత సీసాలో మిగిలిన కాస్త గాలి ఏళ్ళ మీద నెమ్మదిగా చేసిన పని. ఆ గాలే ఎక్కువైతే స్వింగ్ టాప్‌కి పట్టిన గతి పడుతుంది.

ఆ ఊపులో పండక్కి రెండోది తీశా, నిజంగా అరిసెలతో పాటే. ఇది మొదటిదంత లేదు. సీసా మోసుకొచ్చేటప్పుడు అడుగు మడ్డి కదిలింది, ఆఖరి గ్లాసులో సోయా సాస్ లాంటి ఉప్పదనం వచ్చింది, చచ్చిన ఈస్ట్ రుచి అది. రెండ్రోజులు సీసా నిలబెట్టి, పోసేటప్పుడు అడుగున రెండు వేళ్ళంత వదిలేయాల్సింది. ఇంకోటి, బీరుకి చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పూల వాసన పూర్తిగా పోయింది, చేదు పేరుకే ఉంది. ఐపీఏ (హాప్స్ దండిగా వేసిన చేదు బీరు) ఇష్టపడే మా ఆఫీసు ఫ్రెండ్‌కి ఇది నచ్చలేదు, అతనిది తప్పని నేననను. నాకు చిన్నప్పట్నుంచీ బెల్లం, తాండ్ర, ఖర్జూరం ఇవే ఇష్టం, నా నాలిక అటే లాగుతుంది.

మీరూ పెట్టి చూడండి అని అందరికీ చెప్పలేను. మా పాత ఇల్లు రెండో అంతస్తు, పైన ఇంకో ఇల్లుంది, ఎండ నేరుగా తగలదు, ఆ అటక ఏప్రిల్‌లో కూడా ఓ మోస్తరుగానే ఉండేది. ఇదే సీసా విజయవాడలో మేడ మీద గది అటకలో పెట్టి ఉంటే ఇలా ఉండేది కాదనే నా నమ్మకం. 5 శాతం మామూలు బీరుని ఇన్నేళ్ళు పెట్టినా ఇలా మాగదు, చప్పబడిపోతుంది.

ఒక్క సీసా ఉంది ఇంకా. కొత్త ఇంట్లో అటక లేదు, బీరువా కింది అరలో బట్టల వెనక నిలబెట్టా. ఈసారి మూత మీద స్కెచ్ పెన్‌తో తేదీ రాశాను, ఎక్కడుందో మా ఆవిడకి కూడా చెప్పాను.