ఉచిత న్యాయ సహాయం, తిరుపతి–చిత్తూరు: ఫీజు సున్నా, లెక్క మాత్రం మీరే కట్టుకెళ్ళాలి

ఈ ఉచిత న్యాయ సహాయ సేవకు ఐదుకు మూడున్నర ఇస్తాం. భర్త ఇంట్లోంచి గెంటేసినా, మేస్త్రి మూడు నెలల కూలి ఎగ్గొట్టినా, పుట్టింట్లో వాటా లేదన్నా, ఆడమనిషి చేతినుంచి పైసా పడకుండా కోర్టు మెట్లెక్కే దారి ఇది. అందుకే పాస్ మార్కులకంటే ఎక్కువే వేశాం. కోసిన ఒకటిన్నర ఎందుకంటే, ఈ సేవకు రాజీ చేయించడం వచ్చినంత బాగా డబ్బు లెక్కకట్టడం రాదు. ఆ లెక్క మీ చేతిలో ఉంటే పని ముందుకు నడుస్తుంది. లేకపోతే చాలాసార్లు "సర్దుకొని పోమ్మా" దగ్గరే ఆగుతుంది.

1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయ పరిమితి లేదు. డ్వాక్రా అప్పు కట్టలేని ఆమెకూ, నెల జీతమున్న టీచరమ్మకూ ఒకటే రూలు. కాబట్టి ఆదాయ ధ్రువపత్రం తెమ్మని ఎవరైనా అంటే సచివాలయం చుట్టూ తిరగకుండా సెక్షన్ 12(సి) అని గుర్తుచేస్తే చాలు. లాయరు ఫీజు, కోర్టు ఫీజు, నకళ్ళ ఖర్చు అన్నీ న్యాయ సేవాధికార సంస్థే భరిస్తుంది. చిత్తూరులో జిల్లా సంస్థ, తిరుపతి కోర్టులో మండల న్యాయ సేవల కమిటీ ఉన్నాయి. ఫోన్లో అడగాలంటే 15100.

అసలు సంగతి దరఖాస్తులో ఉంది. తెల్లకాగితం చాలు. రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద తేదీతో సహా ముద్ర వేయించుకోండి. నిర్ణయం ఏడు రోజుల్లోపు రావాలి. ఆ తేదీ ముద్ర లేకపోతే ఏడు రోజులు ఎప్పట్నుంచి లెక్కపెట్టాలో ఎవరికీ తెలియదు. కాదన్నా కథ ముగియదు, సంస్థ ఛైర్మన్‌కు అప్పీలు పెట్టుకోవచ్చు.

చాలామంది రాసేది ఇలా ఉంటుంది: "నా భర్త వేధిస్తున్నాడు, తమరు దయతలచి న్యాయం చేయగలరు." ఈ వాక్యం చదివిన మనిషికి తట్టేది ఒక్కటే, ఇద్దరినీ పిలిచి కౌన్సెలింగ్ చేద్దామని. కష్టమంతా కింద రాసుకోండి. పైన మాత్రం ఏం కావాలో నాలుగు లైన్లలో ఉండాలి: నెలకు ఇంత మనోవర్తి, ఫలానా ఇంట్లో ఉండే హక్కు, అత్తగారి బీరువాలో ఉన్న నా ఆరు సవర్లు, పిల్ల స్కూలు ఫీజు. అంకె వేసిన అర్జీని కౌన్సెలింగ్‌తో సరిపెట్టి పంపేయడం కష్టం.

కూలి కేసుల్లో ఈ లెక్క అవసరం ఇంకా ఎక్కువ. శ్రీసిటీ ఫ్యాక్టరీ లైన్లలో పనిచేసే అమ్మాయిలకైనా, తిరుపతి లాడ్జీల్లో గదులు తుడిచేవాళ్ళకైనా, చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజన్‌కు వెళ్ళేవాళ్ళకైనా చేతిలో నియామక పత్రం ఉండడం అరుదు. గుజ్జు సీజన్ అయిపోగానే కాంట్రాక్టరు ఫోన్ స్విచాఫ్, తోటి కూలీలు తలో ఊరు. అందుకని పనిలో ఉండగానే పోగేసుకోవాల్సినవి ఉన్నాయి. జీతం బ్యాంకులో పడితే స్టేట్‌మెంట్, ఫోన్‌పేలో వేస్తే ఆ ఎంట్రీల స్క్రీన్‌షాట్లు, పీఎఫ్ పాస్‌బుక్ (అందులో సంస్థ పేరు ఉంటుంది, కాంట్రాక్టరు అసలు పేరు చాలామందికి తెలిసేది అక్కడే), ఈఎస్ఐ నంబరు, గేట్ పాస్ ఫోటో, షిఫ్టు చెప్పిన వాట్సాప్ మెసేజీలు. ఇవేవీ లేకపోతే తేదీలతో రాసుకున్న నోటుపుస్తకమైనా సరే. కాంట్రాక్టరుతోపాటు అసలు యజమాని పేరు కూడా ప్రతివాదిగా పెట్టించండి. ఒక్కడినే పెడితే వాడు మాయమైన రోజున ఆర్డరు కాగితంగానే మిగులుతుంది.

2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన వేతనాల కోడ్ క్లెయిముకు మూడేళ్ళ గడువిచ్చింది. పాత కనీస వేతనాల చట్టంలో ఇది ఆరు నెలలే. జీతం చెల్లించామని రుజువు చేసే బరువు యజమానిదే. బాకీకి అదనంగా దానికి పదింతలదాకా పరిహారం వేసే అధికారం కూడా ఉంది, అడిగితే. అడగని పరిహారాన్ని పిలిచి ఇచ్చే అధికారి ఉంటారని ఆశపడొద్దు. లెక్క ఇలా కట్టాలి: కనీస వేతనం కంటే రోజుకు 80 రూపాయలు తక్కువిచ్చారనుకుందాం. నెలకు 26 రోజులు, 14 నెలలు అంటే 29,120. ఓవర్‌టైమ్ దీంట్లో కలపకూడదు, అది రెండు రెట్ల రేటుతో వేరే పట్టీ. "మగవాళ్ళకు ఎక్కువిస్తున్నారు" అనే ఫిర్యాదు ఒట్టి మాటగా నిలబడదు. ఏ యంత్రం మీద, ఏ షిఫ్టులో, ఎంత బరువు ఎత్తే పనికి అతనికెంత, ఈమెకెంత అని పక్కపక్కన రాస్తేనే కోడ్ సెక్షన్ 3 పనికొస్తుంది.

ఈ సేవలో మాకు బాగా నచ్చనిది ఇక్కడే ఉంది. ఒకే లైన్లో పనిచేసిన ఇరవై మందికి జీతం ఎగ్గొడితే ఇరవై దరఖాస్తులు, ఇరవై ఫైళ్ళు, ఇరవై వేర్వేరు రాజీలుగా విడిపోయే అవకాశం ఎక్కువ. ముందుగా లొంగిన ఒకామెకు వచ్చిన తక్కువ మొత్తమే మిగతావాళ్ళకూ రేటైపోతుంది. ఒక సంస్థలో పనిచేసే ఎంతమంది తరఫునైనా ఒకే దరఖాస్తు పెట్టొచ్చని కోడ్ చెబుతోంది. సభ్యత్వం ఉంటే యూనియన్ కూడా పెట్టొచ్చు. ప్యానెల్ లాయరుకు (సంస్థ మీకు కేటాయించే లాయరు) మొదటిరోజే ఈ మాట చెప్పండి. ఫైళ్ళు విడిపోయాక మళ్ళీ కలపడం ఎవరికీ ఇష్టముండదు.

లోక్ అదాలత్‌లో త్వరగా తేలుతుందనేది నిజం. అక్కడి అవార్డు (రాజీ ఉత్తర్వు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దానిమీద అప్పీలు లేదు, ఆ మాట సంతకానికి ముందు రెండుసార్లు తలుచుకోండి. వాయిదాల్లో ఇస్తానంటే ఒక్కో వాయిదా తేదీ, మొత్తం, బ్యాంకు ఖాతా నంబరు అవార్డులో ఉండాలి. ఒక వాయిదా తప్పితే మిగతా మొత్తమంతా ఒకేసారి వసూలు చేసుకోవచ్చన్న లైను కూడా రాయించాలి. "ఇకమీదట ఎలాంటి క్లెయిమూ లేదు" అనే లైను సాధారణంగా ఎదుటి లాయరు జేబులోంచి వస్తుంది. జీతం బాకీకి రాజీపడినామె పీఎఫ్ కూడా వదులుకుందనే అర్థం వచ్చేలా అది ఉంటే కొట్టేయించండి.

పనిచోట లైంగిక వేధింపుల ఫిర్యాదును ఈ రాజీ దారిలో పెట్టనేకూడదు. 2013 చట్టం ప్రకారం గడువు మూడు నెలలు, కారణం చూపితే మరో మూడు. పదిమంది కంటే తక్కువున్న చోటుకూ, ఇళ్ళలో పనిచేసేవాళ్ళకూ జిల్లా లోకల్ కమిటీ. ఫిర్యాదు ఆరు కాపీలు. డబ్బు తీసుకుని రాజీ కుదుర్చడాన్ని ఆ చట్టం ఒప్పుకోదు.

గృహహింస కేసుల్లో మాత్రం ఈ సేవ డబ్బుకు మించిన విలువ ఇస్తుంది, ఫారాలు సరిగ్గా పడితే. కేసు మెట్టినింటి ఊళ్ళోనే వేయాలన్న నియమం లేదు. తాత్కాలికంగా ఉంటున్న చోటా, ఉద్యోగం చేసే చోటా వేయొచ్చు. బెంగళూరులో కాపురం చెడి పుట్టింటికొచ్చినామె తిరుపతిలోనే వేసుకోవచ్చు. ప్రొటెక్షన్ ఆఫీసరు రిపోర్టు (ఫారం 1) రాలేదని పిటిషన్ ఆపాల్సిన పనిలేదు, అది తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. పిటిషన్ ఫారం 2. దాంతోపాటే మధ్యంతర ఉత్తర్వుల కోసం ఫారం 3 అఫిడవిట్ వేయాలి. ఈ మూడోది మర్చిపోతే అసలు కేసు తేలేదాకా చేతికి రూపాయి రాదు. చట్టం 60 రోజుల్లో ముగించే ప్రయత్నం చేయమంటుంది. జారిపోయేది ఎక్కువగా నోటీసు దగ్గర: భర్త పాత అద్దె ఇంటి అడ్రసే ఇస్తారు, అది తిరిగొస్తుంది, వాయిదా పడుతుంది. పనిచేసే చోటు అడ్రసు, తల్లిదండ్రుల ఊరు, ఫోన్ నంబర్లు అన్నీ ఒకేసారి ఇవ్వండి.

"నాకు ఆదాయమే లేదు" అనే భర్తల కోసమే 2020లో సుప్రీంకోర్టు రజ్నేష్–నేహా తీర్పులో ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలంది. మనోవర్తి దరఖాస్తు తేదీ నుంచే లెక్క అని కూడా తేల్చింది. అయినా అతని అఫిడవిట్‌ను నమ్ముకుని కూర్చోవద్దు. మీభూమి వెబ్‌సైట్‌లో ఊరి పేరు, ఖాతా నంబరుతో 1-బి, అడంగల్ (భూమి రికార్డులు) తీయండి. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం), బండి నంబరు, కువైట్ నుంచి డబ్బు వచ్చిన ఖాతా వివరాలు జతచేయండి. జీతగాడైతే ఇంకా మంచిది: అతని యజమానే జీతంలో కోసి నేరుగా భార్యకో, కోర్టుకో కట్టేలా ఆదేశించమని గృహహింస చట్టం సెక్షన్ 20(6) కింద అడగొచ్చు. పిటిషన్లలో ఈ కోరిక ఎంత తక్కువగా కనిపిస్తుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

ఆర్డరు వచ్చాక అసలు తలనొప్పి బాకీ. పాత సీఆర్‌పీసీ సెక్షన్ 125, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం సెక్షన్ 144 కింద వచ్చిన మనోవర్తి కట్టకపోతే వారంటు అడగొచ్చు. అయితే ఆ నెల డబ్బు ఇవ్వాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు అడగాలి. "ఇస్తాడులే" అని ఏడాదిన్నర ఆగి వచ్చినామెకు మొదటి ఆరు నెలలకు ఆ వారంటు దారి మూసుకుపోతుంది. మూడు నాలుగు నెలల బాకీ కాగానే అమలు పిటిషన్ వేయించండి. ఉచిత సహాయం ఆర్డరుతో ఆగిపోదు, అమలుకూ వర్తిస్తుంది. ఆ దరఖాస్తు మళ్ళీ విడిగా పెట్టుకోవాల్సి రావచ్చు.

వాటా దావాలో ఉచితమనే మాట బాగా కలిసొస్తుంది, కోర్టు ఫీజు ఆస్తి విలువ మీద ఉంటుంది కాబట్టి. ఆంధ్రలో 1985 నుంచి అమలైన హిందూ వారసత్వ చట్ట సవరణే కూతురికి ఉమ్మడి ఆస్తిలో హక్కిచ్చింది, అప్పటికి పెళ్ళి కానివాళ్ళకు. 2005 సవరణతో పెళ్ళి షరతు పోయింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన భాగపరిష్కారం ఉంటే మాత్రం కదిలించలేరు. ముందు ఈసీ తీసి చూసుకోండి.

రాత్రికిరాత్రి తలదాచుకోవాలంటే ఇది సరైన తలుపు కాదు. 181కి ఫోన్ చేసి సఖి వన్ స్టాప్ సెంటర్ అడగండి, ఐదు రోజులదాకా ఉండనిస్తారు. కూలి బాకీ గురించి మానవ హక్కుల కమిషన్‌కు రాయడమూ దండగే. ప్రభుత్వోద్యోగి చేసిన, లేదా పట్టించుకోని హక్కుల ఉల్లంఘనలకు అది, అదీ ఏడాదిలోపు. కాంట్రాక్టరుతో తగాదా దాని పని కాదు.

ప్యానెల్ లాయర్లలో చురుకైనవాళ్ళూ ఉంటారు, వాయిదాకు జూనియర్‌ను పంపేవాళ్ళూ ఉంటారు. సంస్థ ఇచ్చే ఫీజు తక్కువ, అదీ ఆలస్యంగా అందుతుంది. వాళ్ళ ఉత్సాహం తగ్గడానికి అదో కారణం, మనకు అది సమాధానం మాత్రం కాదు. మీ దగ్గర ఖర్చులకని డబ్బు అడగడం నిషేధం, అడిగితే రాసి ఫిర్యాదు చేయండి. లాయరును మార్చమని కూడా కారణంతో దరఖాస్తు పెట్టుకోవచ్చు. కొత్త పేరు వచ్చేలోపు పడే వాయిదాకు మీరే హాజరు కావాలి. తేదీ ఎవరినీ అడగక్కర్లేదు, ఈకోర్ట్స్ యాప్‌లో మీ కేసు 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు కొడితే కనిపిస్తుంది.