రమ్మీ నాయకుడా, మూడు ముక్కల నాయకుడా?

మా నల్లగొండ దిక్కు పేకాడే నాయకులు రెండు రకాలు. రమ్మీ ఆడేవాడు 13 ముక్కలు చేతికి రాగానే లెక్కేస్తాడు. జోకర్ లేదు, సీక్వెన్స్ (ఒకే గుర్తు వరుస ముక్కలు) కుదిరేలా లేదంటే 20 పాయింట్ల నష్టానికే డ్రాప్, అంటే ఆట వదిలేస్తాడు. మొండికేసి కూర్చుంటే 80 మీద పడుతుందని తెలుసు. టికెట్ రాకపోయినా ఇలాంటివాడు అనుచరుల్ని రోడ్డెక్కించడు.

మూడు ముక్కలవాడు ముక్క చూడకుండానే బ్లైండ్ పందెం పెంచుతాడు. జనానికి నచ్చేది ఇతనే, ఏం చేస్తాం!

లెక్క తెలిస్తే చాలదు కూడా. తర్వాత అమెరికా అధ్యక్షుడైన నిక్సన్ నేవీలో పోకర్ గెలిచిన డబ్బుని 1946 ఎన్నికల్లో పెట్టి గెలిచాడు. అధ్యక్షుడయ్యాక వాటర్‌గేట్ కుంభకోణంలో సమయానికి డ్రాప్ కాలేక 1974లో రాజీనామా చేశాడు. అయినా నా ఓటు రమ్మీవాడికే. ఆన్‌లైన్‌లో మాత్రం ఆడొద్దు, మన రాష్ట్రంలో 2017 నుంచి నిషేధం.