డీవీఆర్ కోసం పాత ఫైర్‌ఫాక్స్ వేస్తామనేవాళ్లకు మీ కంప్యూటర్ అప్పగించకండి

దుకాణాల్లో పాత సీసీ కెమెరాలు పెట్టుకున్న వాళ్లందరూ దయచేసి ఇది చదవండి. నాకు ఈ నష్టం చేసింది కెమెరాలు అమ్మి సర్వీసు కూడా చేసే ఒక దుకాణం, దాని పేరు నేను రాయను. మన బజారులో సగం మందికి వాళ్లే బిగించారు కాబట్టి చెప్పకపోయినా తెలుస్తుంది.

సంగతి చిన్నదే. నా డీవీఆర్ (కెమెరా బొమ్మలను రికార్డు చేసే పెట్టె) పాతది. అందులోని బొమ్మ బ్రౌజర్‌లో కనబడాలంటే ప్లగిన్, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాం, కావాలి. కొత్త బ్రౌజర్లు ఆ ప్లగిన్లను ఎప్పుడో తీసేశాయి. ఫైర్‌ఫాక్స్ కూడా 2017లో 52వ వెర్షన్‌తో ఆపేసింది, ఎక్కువ కాలం సపోర్టు ఇచ్చే ఈఎస్ఆర్ అనే రకంలో మాత్రం ఇంకొంత కాలం ఉంచింది. అందుకని సర్వీసు కుర్రాడు వచ్చి, "కొత్తది మీ లెక్కలకు, పాతది కెమెరాకు, రెండూ పక్కపక్కనే ఉంటాయండీ" అన్నాడు. 800 రూపాయలు అడిగాడు, ముందే ఇచ్చాను.

పక్కపక్కన పెట్టలేదు. నన్ను అడగకుండా కొత్త ఫైర్‌ఫాక్స్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి 52 ఈఎస్ఆర్ వేశాడు. కెమెరా కనబడింది. జీఎస్టీ పోర్టల్ తెరిస్తే యూజర్ నేమ్ లేదు, పాస్‌వర్డు లేదు. సేవ్ చేసిన పాస్‌వర్డుల జాబితా మొత్తం ఖాళీ. ఏళ్ల తరబడి దాచుకున్నవి: బ్యాంకు, జీఎస్టీ, సరుకు ఆర్డర్ పెట్టే కంపెనీల లాగిన్లు.

ఇక్కడ జరిగింది జాగ్రత్తగా గమనించండి. అప్పటికి నా పాస్‌వర్డులు ఎక్కడికీ పోలేదు. ఫైర్‌ఫాక్స్‌ను తీసేసినా మన బుక్‌మార్కులు, పాస్‌వర్డులు ఉండే ప్రొఫైల్ ఫోల్డర్ డిస్కులోనే ఉంటుంది. కాకపోతే దాచిన పాస్‌వర్డులను తెరిచే తాళంచెవి 58వ వెర్షన్ నుంచి వేరే రకం ఫైలులోకి మారింది, దాన్ని 52 చదవలేదు. కొత్త వెర్షన్ తిరిగి వేసి ఉంటే అవి మళ్లీ కనబడేవి. ఆ పని చేయమనే చెప్పాను. "కొత్తది మళ్లీ వేసి చూడు బాబూ" అన్నాను.

అతను వినలేదు. ప్రోగ్రాముల డేటా ఉండే విండోస్ రోమింగ్ ఫోల్డర్‌లోకి వెళ్లి, మొజిల్లా, ఫైర్‌ఫాక్స్, ప్రొఫైల్స్ ఒకదాని తర్వాత ఒకటి తెరిచాడు. లోపల అక్షరాలు, అంకెలు కలగలిసిన పేరుతో ఒకే ఒక ఫోల్డర్ ఉంది. "ఇదంతా పాత చెత్త అండీ, ఇదే అడ్డుపడుతోంది" అన్నాడు. ఆగమని నేను చెయ్యి ఎత్తేలోపే షిఫ్ట్ నొక్కిపట్టి డిలీట్ కొట్టాడు. శాశ్వతంగా తొలగించాలా అని కంప్యూటర్ అడిగింది. ఎంటర్ నొక్కేశాడు. రీసైకిల్ బిన్‌లో కూడా మిగలలేదు. నా కంప్యూటర్‌లో ఉన్నది ఎస్ఎస్‌డీ రకం డిస్కు. అందులో ఒకసారి పోయినది తిరిగి రాదని రికవరీ చేసేవాళ్లూ చెప్పేశారు.

దుకాణం యజమానికి ఫోను చేశాను. తప్పయిందన్న మాట ఒక్కటి వస్తే ఇంత బాధ ఉండేది కాదు. "ఉచితంగా వచ్చే సాఫ్ట్‌వేర్‌కు గ్యారంటీ ఎక్కడుంటుందండీ? పాస్‌వర్డులు పుస్తకంలో రాసుకోవాలి" అన్నాడు! సాఫ్ట్‌వేర్ ఉచితమే. నా దగ్గర తీసుకున్న డబ్బు దేనికి? పని తెలిసినవాడిని పంపినందుకే కదా. డబ్బు వెనక్కి ఇవ్వమంటే "కెమెరా కనబడుతోంది కదా" అని ఫోను పెట్టేశాడు. నా కంటే చిన్నవాడు, కనీస మర్యాద లేదు.

ఇంకో ఘోరం తర్వాత బయటపడింది. ఆ 52నే డిఫాల్ట్ బ్రౌజర్‌గా పెట్టి, అప్‌డేట్లు ఆపి వెళ్లాడు. 2018 తర్వాత భద్రతా సవరణలు అందని బ్రౌజర్ అది. మెయిల్‌లో బ్యాంకు లింకు నొక్కితే అందులోనే తెరుచుకుంటోంది. ఆ కుర్రాడు ఇంకెన్ని దుకాణాల్లో ఇలాగే వదిలి వచ్చాడో అని భయంగా ఉంది. మీ కంప్యూటర్‌లో డిఫాల్ట్ ఏది ఉందో ఇవాళే చూసుకోండి.

రెండు వెర్షన్లు ఒకే కంప్యూటర్‌లో ఉండడం అసాధ్యమేమీ కాదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కస్టమ్ ఎంచుకుని పాతదానికి వేరే ఫోల్డర్ ఇవ్వాలి, ఫైర్‌ఫాక్స్‌లోనే ఉండే ప్రొఫైల్ మేనేజర్‌లో దానికంటూ వేరే ప్రొఫైల్ తయారుచేయాలి. 67వ వెర్షన్ నుంచి ప్రతి ఇన్‌స్టాలేషన్‌కు విడి ప్రొఫైల్ పద్ధతి వచ్చింది కానీ, 52కు అది తెలియదు, కనబడిన పాత ప్రొఫైల్‌నే తెరుస్తుంది. అందుకే చేతితో విడదీయాలి. పాతదాంట్లో డీవీఆర్ చిరునామా తప్ప ఇంకేదీ తెరవకూడదు. ఎవరినైనా ముట్టుకోనిచ్చే ముందు ఫైర్‌ఫాక్స్ మూసి, ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.

అన్నట్టు, మీ డీవీఆర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో పనిచేసే రకమైతే పాత ఫైర్‌ఫాక్స్ అవసరమే ఉండకపోవచ్చు. విండోస్‌తో వచ్చే ఎడ్జ్ బ్రౌజర్‌లో ఐఈ మోడ్ (పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లా పనిచేసే పద్ధతి) ఉంది, ముందు అది ప్రయత్నించండి. సెట్టింగుల్లో ఒకసారి చేర్చిన చిరునామా 30 రోజులే ఉంటుంది, తర్వాత మళ్లీ చేర్చుకోవాలి. పైసా ఖర్చు లేదు. ఈ మాట ఆ దుకాణం వాళ్లు ఎవరికీ చెప్పరు.